సముద్రపు నీటికి సాక్ష్యము చెప్పు ఆలిచిప్ప

క్రిందటి సార్వా పంటకాలమున మా సంఘపు గిడ్డంగికి పురుగుమందు కొఱకు వచ్చిన సభ్యుడొకరు మమ్ములనొక ప్రశ్న యడిగిరి. పిచికారి యంత్రమును కాలువలో కడుగవలదని మేము చెప్పుచుండగా ఆయన నవ్వి, "కాలువ పోయి మురుగుకాలువలో కలియును, మురుగుకాలువ పోయి ఉప్పుటేటిలో కలియును, ఉప్పుటేఱు పోయి సముద్రములో కలియును. అంత సముద్రమునకు నా గరిటెడు మందు ఒక లెక్కయా? లెక్కయే అనుకొన్నను, దానిని అక్కడ కొలిచి చూచినవారెవరు?" అనిరి.

మొదటి ప్రశ్నకు అప్పటికి తోచిన జవాబేదో చెప్పి పంపితిమి. రెండవ ప్రశ్న మాత్రము మమ్ములను విడువలేదు. కొలిచినవారు లేకపోలేదు, అరువది సంవత్సరములుగా కొలుచుచునే యున్నారు. కాని వారు కొలిచిన తీరు మన రైతులలో నూటికొకరైన వినియుండరు. కావున ఈ నెల పత్రికలో ఆ సంగతి కొంచెము విరివిగా వ్రాయుచున్నాము.

భూసారపరీక్ష అనిన మన సభ్యులకు క్రొత్తకాదు. చేనులో పది పండ్రెండు చోట్ల జానెడు లోతు త్రవ్వి, మట్టి తీసి, కలిపి, నాలుగు పాళ్లు చేసి, అందులో ఎదురెదురు పాళ్లుంచుకొని తక్కినవి పాఱవేసి, చివరకు మిగిలిన అరకిలో మట్టిని సంచిలో కట్టి పంపుదుము. సముద్రపు నీటినిగూడ అట్లే సీసాలో పట్టి పంపిన చాలదా అని తోచుట సహజము. చాలదు. చేను కదలక యుండును, నీరు ఉండదు. ఉదయమున మొగయొద్ద ముంచిన నీరు పోటుకు లోనికి వచ్చి, పాటుకు వెలికిపోయి, సాయంకాలమునకు ఎక్కడనున్నదో ఎవరును చెప్పజాలరు. కర్మాగారమువారు అర్ధరాత్రమున తూము తెఱచి తెల్లవాఱకముందే మూసివేసినయెడల, పగలు ముంచిన సీసాలో ఏమియు కనబడదు. వర్షము కురిసిన మఱునాడు ఒక లెక్క, వారము గడచిన తరువాత ఒక లెక్క.

ఇంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి గలదు. అది ఆ విషముల స్వల్పపరిమాణము. వీనిని కొలుచువారు నూఱుకోట్ల పాళ్లలో ఒక పాలు అను లెక్కను వాడుచుందురు. ఆ మాట వినుటకు సులభమే గాని మనసునకు పట్టదు. మన లెక్కలో చూతము. డెబ్బదియైదు కిలోల ధాన్యపు బస్తాలు మూడువందల ముప్పదిమూడు కుప్పపోసి, అందులో ఒక్క గింజకు రంగువేసి కలిపిన, ఆ ఒక్క గింజ నూఱుకోట్లలో ఒక పాలగును. సముద్రపు నీటిలో కొన్ని మందులు ఇంతకంటె తక్కువగనే యుండును. ఆ గింజను వెదకిపట్టుటకు తగిన సాధనము 1957 వఱకు లోకములో లేదు. ఆ సంవత్సరమున ఇంగ్లండులో జేమ్సు లవ్‌లాకు అను శాస్త్రజ్ఞుడు క్లోరిను గల ద్రవ్యములను అత్యల్పమాత్రములో పసిగట్టు ఒక చిన్న యంత్రభాగమును నిర్మించెను. డి.డి.టి. ఎక్కడెక్కడికి ప్రాకినదో లోకమునకు తెలియుట బహుకొలదిగా దాని పుణ్యమే.

యంత్రమున్నను నీటితో చిక్కు తీఱలేదు. డి.డి.టి. వంటి మందులకు నీరు పొసగదు. అవి నీటిలో కరుగుటకంటె ఒండ్రునో క్రొవ్వునో పట్టుకొనుటకే మొగ్గుచూపును. కావున నీరు పరిశుభ్రముగ కనబడుచుండగనే, అడుగున బురదలోను, జంతువుల దేహములలోను విషము కుదురుకొనుచుండును.

మన సంఘపు లెక్కలతో పోల్చి చెప్పవలయునన్న, నీటి సీసా చిట్టాలో ఒకనాటి పద్దు వంటిది. ఒకనాటి పద్దును చూచి సంఘము లాభములో నున్నదో నష్టములో నున్నదో చెప్పువాడు గుమాస్తా పనికి తగడు. ఆవర్జాలో నిలువ చూడవలయును. సముద్రమునకు ఆవర్జా వ్రాయునదెవరు? ఇక్కడనే ఆలిచిప్ప వచ్చును.

గుల్లలన్న మన తీరప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. గుల్లసున్నము కాల్చినవారు, ఆ సున్నముతో తాంబూలము వేసికొన్న పెద్దలు మన గ్రామములందు నిన్న మొన్నటివఱకు నుండిరి. కాకినాడ అఖాతపు బురదనేలలలో గుల్లలు సమృద్ధిగ దొరకును. విశాఖపట్టణము వైపు సముద్రపు రాళ్లను అంటిపట్టుకొని, పచ్చని అంచుగల చిప్పలు గుత్తులుగ పెరుగును. రెండు చిప్పల నడుమ మెత్తని దేహము, పట్టుదారములవంటి పోగులతో రాతికి కట్టుకొని యుండుట, ఇవి దాని లక్షణములు. ఒకసారి కుదురుకొన్న పిమ్మట అది తన చోటు విడిచి దూరముపోదు. నోరు తెఱచి నీటిని లోనికి పీల్చుచు, అందలి సూక్ష్మమైన నాచును వడియగట్టి తినుచు, నీటిని వెలికి వదలుచుండును. ఎదిగిన చిప్ప గంటకొక లీటరు మొదలు అంతకు కొన్నిరెట్ల వఱకు నీటిని ఇట్లు వడియగట్టును. రేయింబవళ్లు జరుగు పని ఇది. నీటిలో నున్న మందు ఎంత స్వల్పమైనను దాని క్రొవ్వులో చేరుచు వచ్చి, నీటిలోకంటె వేలరెట్లు, ఒక్కొక్క ద్రవ్యము లక్షరెట్ల వఱకు చిక్కబడును. అప్పుడు రంగువేసిన గింజ కుప్పలో గాక, చేటలో దొరకినట్లగును.

చేపను పరీక్షింపరాదా అని అడుగవచ్చును. పరీక్షించుదురు, తినువారి క్షేమము కొఱకు తప్పక పరీక్షింపవలసినదే. కాని చేప తిరుగును. కాకినాడలో పట్టిన చేప మేత ఎక్కడ మేసినదో తెలియదు. అదియుగాక నూనెలనుండి పుట్టు కొన్ని విషములను చేప తన కాలేయములో విఱుగగొట్టి వెలికి పంపివేయగలదు. ఆలిచిప్పకు ఆ శక్తి మిక్కిలి తక్కువ. దొంగసొత్తును మాయము చేయుట చేతగాని అమాయకుని ఇంట సోదా చేసినట్లు, దాని దేహములో దొరకవలసినది దొరకును. చిప్ప దేహములోని నిలువ ఏ ఒక్కనాటిదో కాక, గడచిన కొన్ని వారముల, కొన్ని నెలల సగటు. అది బ్రతికియుండుటయే మఱియొక సౌకర్యము: మనుష్యులు ముక్కు మూసికొను రేవునీటిలో సైతము అది చావక నిలిచి సాక్ష్యము చెప్పును.

ఈ పద్ధతి మొట్టమొదట పెద్దయెత్తున అమెరికాలో నడచినది. అక్కడి ప్రభుత్వమువారు 1965 మొదలు 1972 వఱకు పదునైదు సముద్రతీర రాష్ట్రములలో గుల్లలను పోగుచేయించి, ఎనిమిదివేలకు పైగా నమూనాలలో పురుగుమందుల శేషము పరీక్షింపజేసిరి. డి.డి.టి. దొరకని తీరము లేదు. చేలపై చల్లినది, చెట్లపై చల్లినది, దోమలకు చల్లినది, అంతయు కొంత కొంతగ నదీముఖములను చేరినది. అదే లెక్కలలో 1969, 1970 సంవత్సరముల నుండి ఆ పాళ్లు తగ్గుముఖము పట్టుటయు కనబడినది. అప్పటికి అక్కడ డి.డి.టి. వాడుక తగ్గుచుండెను, 1972లో వ్యవసాయములో నిషేధమయ్యెను. అనగా, మందు మానిన సంగతిని ఉత్తర్వులు చదువనక్కఱలేకయే గుల్ల తెలిసికొనెను.

తరువాత 1975లో కాలిఫోర్నియాలోని స్క్రిప్సు సముద్రశాస్త్ర సంస్థకు చెందిన ఎడ్వర్డు గోల్డుబర్గు అను శాస్త్రజ్ఞుడు ఈ గుల్లల పరీక్షను లోకములోని తీరములన్నిటను జరుపవలయునని వ్రాసెను. దానికి ఆయన పెట్టిన పేరు మన భాషలో 'చిప్పల కావలి' అనవచ్చును. 1976 మొదలు 1978 వఱకు అమెరికాలో ఆ కావలి నడచినది. 1986 నుండి అక్కడి సముద్ర వాతావరణ శాఖవారు దానినొక నిత్యకార్యముగ చేపట్టి, క్రమముగ దాదాపు మూడువందల స్థలములకు వ్యాపింపజేసిరి.

కావలి అన్నంత మాత్రమున చిప్పను ఏఱి, పగులగొట్టి, యంత్రములో వేయుట కాదు. మట్టినమూనా తీయుటలో గట్టుమీది మట్టి, పెంటకుప్పక్రింది మట్టి తీయరాదని మనమెట్లు చెప్పుదుమో, ఇందులోను అట్టి నియమములు పెక్కులున్నవి. చిన్నచిప్పను పెద్దచిప్పతో పోల్చరాదు. వయసు పెరిగినకొలది నిలువ మాఱును. గ్రుడ్లు విడిచిన పిమ్మట చిప్ప చిక్కిపోవును, క్రొవ్వుతోపాటు అందులోని మందును వెలికిపోవును. కావున ప్రతి స్థలమునను ప్రతి మాఱు ఒకే ఋతువులో, గ్రుడ్లు విడుచుటకు ముందే పట్టవలయును. మన దేశములో వర్షకాలపు మంచినీరు దిగినప్పటి లెక్కను వేసవి లెక్కతో కలుపరాదు. జాతిని జాతితోనే పోల్చవలయును: ఆయిస్టరు అను తినుగుల్ల రాగిని, జింకును మితిమీఱి కూడబెట్టును, నల్ల ఆలిచిప్ప అట్లు కూడబెట్టదు. ఒకచోట ఆయిస్టరును, వేఱొకచోట ఆలిచిప్పను తీసి, మొదటి చోట జింకు ఎక్కువ అని చాటుట, మినుము తూచి, వరి తూచి, మాంసకృత్తులు మినుములో ఎక్కువ గనుక ఆ చేను మంచిదనుట వంటిది.

పట్టిన చిప్పలను మంచులో పెట్టి తెచ్చి, కొలిచి, తెఱచి, పెక్కింటి మాంసమును ఒకటిగ నూఱుదురు. ఒక్క చిప్ప చెప్పిన మాటను నమ్మరు. తడిబరువు చూచి, ఎండబెట్టి పొడిబరువు చూచి, క్రొవ్వునెంతో కట్టి, ఆ మీదట ద్రావకములతో మందును లాగి యంత్రమునకు పంపుదురు. విషము లేని నమూనా ఒకటి, విషమెంతయున్నదో ముందే తెలిసిన నమూనా ఒకటి నడుమ నడుమ పెట్టి, యంత్రమును పనివానిని ఇద్దఱను పరీక్షించుచుందురు. మా అభిప్రాయములో ఈ చివరి నియమమే అన్నిటికంటె ముఖ్యమైనది. కొలుచువానిని కొలువని చోట ఎన్ని అంకెలు వ్రాసికొన్నను వ్యర్థమే. ఈ మాట మన ధాన్యపు కాటాలకును వర్తించును.

ఇట్టి పరీక్షలు లేని చోట ఏమి జరిగినదో, ఉన్నచోట ఏమి జరిగినదో రెండు కథలు చెప్పుదుము. మొదటిది ఫ్రాన్సుదేశమునందలి అర్కషాను అఖాతపుది. అక్కడివారు మనవలె రైతులే; వారి పంట ఆయిస్టరులు. సున్నము పూసిన ఇంటిపెంకులను అఖాతములో పేర్చిన, వేసవిలో ఆయిస్టరుపిల్లలు వచ్చి వానికి అంటుకొనును. వానిని పెంచి అమ్ముదురు. 1977 నుండి వరుసగ ఐదేండ్లు పిల్లలు నిలువలేదు. పెంకులు వేసినవి వేసినట్లే తెల్లగ బయటికి వచ్చెను. ఎదిగిన గుల్లలకు చిప్పలు వికారముగ మందమై, పొరలనడుమ జిగురు నిండి, తెఱచిన లోపల మాంసము పిడికెడైన లేకుండెను. ఏట పదివేలు మొదలు పదునైదువేల టన్నులు పండిన ఆ అఖాతము 1981లో మూడువేల టన్నులకు దిగిపోయెను.

రోగమేమో అనిరి, నీటివేడి అనిరి. కడకు తేలినది పడవల రంగు. ఆ అఖాతములో వేలకొలది విహారపు పడవలుండెను. పడవల అడుగున నాచు, గుల్ల అంటకుండుటకై తగరముతో చేసిన ట్రైబ్యూటిల్ టిన్ అను మందును రంగులో కలిపి పూయుచుండిరి. ఆ మందు పని గుల్లను అంటనీయకుండుటయే. పడవను అంటు గుల్ల వేఱు, రైతు పెంచు గుల్ల వేఱు అని దానికి తెలియదు. ఫ్రెంచి ప్రభుత్వమువారు 1982 జనవరిలో ఇరువదియైదు మీటర్లకు లోబడిన పడవలకు ఆ రంగును నిషేధించిరి. ఆ సంవత్సరపు వేసవిలోనే పెంకులపై పిల్లలు మఱల కనబడెను. ఇంగ్లండులోను 1987లో చిన్నపడవలకు నిషేధము వచ్చెను. అక్కడి తీరమున ఒక జాతి సముద్రపు నత్తలలో ఆడవానికి మగచిహ్నములు మొలచి, గ్రుడ్లు పెట్టుదారి మూసికొనిపోవుటకు ఈ మందే కారణమని ప్లిమత్ పరిశోధకులు చూపిరి. అందుకు చాలిన మోతాదు లక్షకోట్ల పాళ్లలో ఒక పాలు. పైన చెప్పిన రంగుగింజను ఈసారి మూడులక్షల ముప్పదిమూడువేల బస్తాలలో వెదకవలయును! సర్వదేశముల ఓడలకును ఆ రంగును మాన్పు ఒడంబడిక 2001లో కుదిరి, 2008లో అమలులోనికి వచ్చినది.

రెండవ కథ జపానుదేశపు మినమాటా అఖాతపుది. దీనిని ఇదివఱకు వినినవారుందురు గనుక క్లుప్తముగ చెప్పుదుము. ఒక రసాయన కర్మాగారము పాదరసపు వ్యర్థములను అఖాతములోనికి వదలుచుండెను. చేపలు తిన్న పిల్లులు పిచ్చిపట్టినట్లు గంతులువేసి చచ్చెను. 1956లో మనుష్యులకు ఆ వ్యాధి యున్నట్లు వైద్యులు గుర్తించిరి. కాళ్లు చేతులు వశము తప్పినవారు, చూపు పోయినవారు, తల్లి గర్భములోనే దెబ్బతిన్న శిశువులు. కారణము కర్మాగారమే అని జపాను ప్రభుత్వము ఒప్పుకొన్నది 1968లో. నడుమ గడచిన పండ్రెండేండ్లు ఆ తీరపు బెస్తవారు ఆ చేపలనే తినిరి. తరువాత 1974లో అఖాతమునకు అడ్డముగ పెద్దవల కట్టి, లోపలి చేపలను ఏండ్ల తరబడి పట్టి పరీక్షించుచు వచ్చిరి. పాదరసము వారు పెట్టుకొన్న హద్దుకు, అనగా పదిలక్షల పాళ్లలో నాలుగు పదియవ వంతులకు లోబడియున్నట్లు తేలిన పిమ్మట 1997లో గాని ఆ వల తీయలేదు. వల కట్టుట ఒక పని. దానిని ఎప్పుడు తీయవచ్చునో చెప్పగలుగుట మఱియొక పని. రెండవది కొలతలేక సాధ్యము కాదు.

పరదేశముల సంగతులు చాలును, మన వరిచేల మాట ఏమి అని సభ్యుడు అడుగకపోడు. దక్షిణ భారతదేశములోనే, తమిళదేశమున పరంగిపేట యొద్ద సముద్రములో కలియు వెల్లారు నదిపై, అన్నామలై విశ్వవిద్యాలయమువారును జపానులోని ఎహిమె విశ్వవిద్యాలయమువారును కలిసి 1980వ దశాబ్దపు చివరి సంవత్సరములలో ఈ పరీక్ష చేసిరి. వారు వెదకినది బి.హెచ్.సి. మన పెద్దలు గమాక్సిన్ పొడి అని పిలిచి చేలకును, ధాన్యపు గాదెలకును, ఒక్కొక్కరు తలలో పేలకును వాడినది ఈ వంశములోనిదే. నదినీటిలో ఆ మందు వరి పెరుగు నెలలలో ఎక్కువయు, తక్కిన నెలలలో తక్కువయు నుండుట వారు కనుగొనిరి. ఇక ఒక మడిలో మందును స్వయముగ చల్లి, అది ఎటుపోవునో చూచిరి. మన సభ్యుడు చెప్పిన దారిని, అనగా కాలువనుండి ఏటికి, ఏటినుండి సముద్రమునకు పోయినది నూటికి ఒక పాలునకు లోబడియే. ఆ మాటవఱకు ఆయన గెలిచినట్లే. కాని మిగిలిన తొంబదితొమ్మిది పాళ్లు పురుగులపై నిలువలేదు; మన ఎండకు ఆవిరియై గాలిలో కలిసిపోయెను.

గాలిలో కలిసినది ఎక్కడికి పోయినది? వేడిదేశములలో ఆవిరియైనది చలిదేశములలో గడ్డకట్టి దిగును. బి.హెచ్.సి. ఒక్కచేనిపైనను చల్లని ఉత్తరధ్రువపు సముద్రములో, వరి చేల చుట్టు సముద్రములలోకంటె ఎక్కువగ దొరకినది. ఆ సంచిలో పురుగును చంపు భాగము నూటికి పది పదునైదు పాళ్లే. తక్కినది పురుగును చంపనిది, లోకమును చుట్టివచ్చునది. మన తాతలు డబ్బుపెట్టి కొన్నదానిలో ఎక్కువభాగము ఇట్లు ధ్రువసముద్రమునకు దానమైనది. చైనావారు 1983లో ఆ మందును మానిరి, 1990 ప్రాంతమున మన దేశములోను వాడుక తగ్గినది. ఆ రెండు సమయములందును ధ్రువప్రాంతపు గాలిలో దాని పాళ్లు మెట్లు దిగినట్లు దిగినవి. డి.డి.టి. వ్యవసాయపు వాడుక మన దేశములో 1989లోను, బి.హెచ్.సి. 1997లోను నిలిచిపోయినవి. ఎండోసల్ఫానును సుప్రీముకోర్టువారు 2011లో ఆపిరి. మన తీరములందు నీటిని, బురదను, జీవములను పరీక్షించు పని కేంద్రప్రభుత్వపు సముద్రాభివృద్ధి శాఖవారి పూనికతో 1990వ దశాబ్దపు తొలినాళ్లలో ఆరంభమైనది. కాకినాడ, విశాఖపట్టణము ఆ పరీక్షాస్థలములలోనివి.

ఇప్పుడొక హెచ్చరిక. ఆలిచిప్ప శుభ్రముగ నున్నదని చెప్పినంత మాత్రమున నీరు శుభ్రమని నమ్మరాదు. డి.డి.టి., బి.హెచ్.సి. వంటివి నిలిచియుండు మందులు గనుక చిప్పలో కనబడినవి. నేడు మన గిడ్డంగిలో నున్న మందులు పెక్కు వేఱు రకమువి. క్లోరిపైరిఫాసు, సైపర్‌మెత్రిన్ మొదలైనవి కొన్నిదినములలోనో వారములలోనో విఱిగిపోవును. చిప్పలో పూర్వపు మందులవలె ఏండ్లతరబడి నిలువవు. అట్లని అవి నిరపాయకరములు కావు. సైపర్‌మెత్రిన్ నూఱుకోట్లలో ఒక పాలునకు లోబడిన మోతాదులోనే రొయ్యజాతిని చంపగలదు. వచ్చి, చంపి, ఆనవాలు లేకుండ పోవు దొంగ ఇది. ఇట్టి మందులకు శాస్త్రజ్ఞులు చిప్పలో మందును గాక, మందు చేసిన గాయమును వెదకుదురు. నరముల పనికి అవసరమైన కోలినెస్టరేసు అను పదార్థము చిప్ప మొప్పలలో ఎంత తగ్గినదో కొలిచిన, ఈ జాతి మందులలో కొన్ని ఆ నీటిలో తిరిగినవని తెలియును. మందు కొట్టి కండ్లు తిరిగి పడిపోయిన రైతును ఆసుపత్రికి తీసికొనిపోయినప్పుడు ఆయన నెత్తుటిలో వైద్యుడు పరీక్షించునదియు ఈ పదార్థమునే. రాతికంటిన గుల్లకును, గట్టుమీది మనిషికిని పరీక్ష ఒక్కటే!

మన సంఘములో చివరి ఆయకట్టున నున్న సభ్యులు కొందఱు వరి మాని రొయ్యల చెఱువులు వేసియున్నారు. వారు నీరు తోడుకొనునది ఎగువ సభ్యుల మురుగు దిగు ఏటినుండియే. పైని వరికి పురుగు పడినదని ఎగువవారందఱు ఒకే వారములో మందు కొట్టి, మఱునాడే మడులకు గండికొట్టిన, దిగువ చెఱువులో ఏమి జరుగునో వేఱుగ వ్రాయనక్కఱలేదు. ఈ సంగతి తెలియుటకు అమెరికాకును, జపానుకును పోవలసిన పనిలేదు. ఇరువురు సభ్యులును ఒకే సంఘములో వాటాదారులు.

కావున ప్రశ్న అడిగిన సభ్యునికి మా జవాబిది. పిచికారి యంత్రమును, మందు డబ్బాను మూడుమాఱులు నీటితో తొలిచి, ఆ తొలిచిన నీటిని అదే చేనిలో, మందు తక్కువ పడినచోట కొట్టవలయును. అందులో మందు వ్యర్థముకాదు, కాలువకును చేరదు. ఖాళీడబ్బాకు అడుగున చిల్లుపొడిచి, మంచినీటికో నూనెకో వాడకుండ చేయవలయును. మందు కొట్టిన మడిలో నీటిని డబ్బాపై వ్రాసియున్నన్ని దినములు కట్టియుంచి, ఆ తరువాతనే మురుగునకు విడువవలయును. వాన వచ్చు సూచన యున్ననాడు మందు కొట్టరాదు. చెఱువుల సభ్యులు కోరినమీదట, ఎగువ సభ్యులు మందు కొట్టు తేదీని సంఘపు గోడమీది నల్లబల్లపై వ్రాయు ఏర్పాటు దాళ్వానుండి చేసితిమి. సుద్దముక్క గుమాస్తా బల్లపై నుండును. ఇప్పటికి ఆ బల్లపై వ్రాయుచున్నవారు తక్కువే. కాని వారిలో మొదట వ్రాసినది ఆ ప్రశ్న అడిగిన సభ్యుడే.